పైన్ చెట్టు వద్దు సరే, మరి తిరుపతి ఎండకు నిలిచేలా గింజ నుంచి ఏ చెట్టు పెంచాలి?

పైన్ విత్తనాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, నీళ్లు అంతగా అడగని రకమట, చంద్రగిరి దగ్గర మాకు కొంచెం మెట్ట ఉంది, అందులో వేయొచ్చా అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నా జవాబు ఒకటే, వేయొద్దు. విత్తనాలకు పెట్టే డబ్బు పోతే పోయింది, రెండు మూడేళ్ల ఓపిక మట్టిలో కలిసిపోతుందే, అది నా బాధ.

మన దేశపు చిర్ పైన్ హిమాలయాల వాలుల్లో సుమారు 450 నుంచి 2300 మీటర్ల ఎత్తు మధ్య పెరుగుతుంది. అరకులోనో కొడైకెనాల్‌లోనో చూసొచ్చి దక్షిణాదిలోనూ ఉంది కదా అంటారు. అవి మనుషులు నాటిన తోటలు, పైగా రెండూ ఎత్తైన చల్లటి చోట్లు. తిరుపతి ఊరు సముద్రమట్టానికి దాదాపు 150 మీటర్ల ఎత్తులో ఉంది, మే నెలలో పగలు 42 డిగ్రీలు మామూలే, రాత్రి పది దాటినా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. అమెరికా ఎడారి కొండల్లోని పిన్యన్ పైన్ కరువుకు నిలుస్తుందన్న మాట నిజమే, కానీ అది అలవాటుపడింది చలి దేశపు కరువుకు. అక్కడ శీతాకాలంలో పడిన మంచు నిదానంగా కరిగి నేలలోకి ఇంకుతుంది, చెట్టు ఆ తేమ మీద బతుకుతుంది. మన కరువు తీరు వేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలతో ఒక్కసారిగా కుమ్మరించి, ఆ తర్వాత మే దాకా దాదాపు చుక్క రాల్చదు. నీళ్లు నిలిచే రోజుల్నీ, నేల బీటలు వారే రోజుల్నీ ఒకే ఏడాదిలో దాటగలిగే చెట్టు కావాలంటే మన కొండల వైపే చూడాలి.

సూదుల్లాంటి ఆకులు చూసి సరుగుడును పైన్ అనుకునేవాళ్లూ ఉన్నారు. అది పైనూ కాదు, ఇక్కడిదీ కాదు, తీరం వైపు ఇసుక నేలల్లో కలప కోసం వేసుకునేది. వంశం లెక్కన చూస్తే పైన్‌కు దగ్గరి చుట్టం మన శేషాచలం మీదే ఉంది, పెరిత. సైకాస్ బెడ్డోమీ దాని శాస్త్రీయ నామం. చూడ్డానికి పొట్టి ఈత చెట్టులా ఉంటుంది కానీ పువ్వు పూయదు, మగ చెట్టుకు పైన్ లాగే కోన్, అంటే పొలుసులు పేర్చిన శంకువు లాంటిది, వస్తుంది. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు. మందుల కోసం మగ కోన్లు తెగ కోసుకుపోవడంతో బాగా తగ్గిపోయి, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందంలో అన్నిటికంటే కఠినమైన మొదటి జాబితాలోకి ఎక్కింది. ఇంత అరుదైన మొక్క మన దగ్గరే ఉందని తెలిశాక పెంచుకోవాలనిపిస్తుంది, అర్థమవుతుంది, కానీ దయచేసి కొండ మీద నుంచి ఒక్క గింజ కూడా తేకండి.

ఇక అసలు ఎంపిక. నా దృష్టిలో మామూలు మనిషి గింజ నుంచి పెంచుకోగలిగినవి నాలుగు, ఎర్రచందనం, వేప, కానుగ, చింత. ఇక్కడే పుట్టిన చెట్టే కావాలని గట్టిగా పట్టుబడితే చింతను తీసేయాలి, అది ఎప్పుడో పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చింది. కానీ చిత్తూరు నేలలో అది కుదురుకున్న తీరు చూశాక పక్కన పెట్టడానికి నాకు మనసొప్పదు.

చాలామంది మొదట అడిగేది పెద్దయ్యాక ఏ చెట్టు ఎంత ధర పలుకుతుందని. అక్కడే ఎంపిక దారి తప్పుతుంది. నాలుగూ పెద్దయ్యాక కరువుకు నిలిచేవే, తేడా అంతా మొదటి రెండు మూడేళ్లలో ఉంటుంది. కాబట్టి ముందు చూడాల్సింది మీ నేల ఎలాంటిది, ఆ గింజ రాలాక ఎన్నాళ్లు బతుకుతుంది, మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోసే మనిషి ఎవరు అన్నవి. ఈ మూడూ తేలితే చెట్టు దానంతటదే తేలుతుంది.

ఎర్రచందనంతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ దాని గురించే అడుగుతారు. తిరుమల ఘాట్ రోడ్డులో వెళ్తున్నప్పుడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన నల్లటి బెరడు కనిపిస్తుందే, అదే. తూర్పు కనుమల దక్షిణ భాగంలో, అంటే శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండల వైపే సహజంగా పెరుగుతుంది. మట్టి అంతగా లేని రాతి వాలుల్లో, గులకరాళ్ల మధ్య పెరిగే అలవాటు దానిది. పెద్దయ్యాక కరువు విషయంలో దీనికి సాటి వచ్చేది లేదు. కానీ నీళ్లు నిలిస్తే మాత్రం తట్టుకోలేదు. వరి కయ్య పక్కనో, నల్లరేగడిలోనో వేస్తే నవంబరు వానలకు వేర్లు కుళ్లిపోతాయి. నీడా పనికిరాదు, పూర్తి ఎండ కావాలి. మామిడి చెట్ల మధ్య సందుల్లో వేస్తే సన్నగా సాగిపోయి వంకర తిరుగుతుంది.

దీని కాయలు జనవరి నుంచి మార్చి మధ్య ఎండుతాయి. కాయ చేతిలోకి తీసుకుని చూడండి. గుండ్రంగా, పల్చగా, చుట్టూ కాగితం లాంటి రెక్క, మధ్యలో మాత్రం గట్టిగా ఉబ్బెత్తు. ఆ ఉబ్బెత్తులోనే గింజ ఉంటుంది, సాధారణంగా ఒకటి, అప్పుడప్పుడు రెండు. వేళ్ల మధ్య పెట్టి నొక్కినప్పుడు ఉబ్బెత్తు మెత్తగా అణిగిపోతే లోపల గింజ లేనట్టే, తాలు కాయ. అలాంటివి చాలానే ఉంటాయి, ముందే ఏరేయాలి. మిగిలినవాటికి రెక్క చుట్టూ కత్తెరతో కత్తిరించి, రాత్రి నీళ్లలో నానబెట్టి పగలు ఆరబెట్టడం ఒక వారం పాటు చేస్తే పైతొక్క వదులవుతుంది. పేడ నీళ్లలో రెండు మూడు రోజులు నానబెట్టేవాళ్లూ ఉన్నారు, అదీ పనిచేస్తుంది. తర్వాత ఇసుక మడిలో అర అంగుళం లోతున పెట్టి పైన గడ్డి కప్పి, తడి ఆరకుండా చూడాలి. అన్నీ ఒకేసారి మొలవవు. కొన్ని పది పదిహేను రోజులకే లేస్తాయి, కొన్ని నెల దాటాక లేస్తాయి, అప్పటికి చాలామంది మడి తిరగేసి ఉంటారు. వేసినవాటిలో సగం మొలిస్తే బాగా మొలిచినట్టే, కాబట్టి కావలసినదానికి మూడింతలు వేయండి. మొలకలో ముందు ఒంటి ఆకులు వస్తాయి, మూడేసి ఆకుల రెమ్మలు తర్వాత కనిపిస్తాయి. ఆకు తేడాగా ఉందని, వేరే మొక్క మొలిచిందని పీకేయకండి.

ఇంకో సంగతి. ఎర్రచందనం ఆకు రాల్చే చెట్టు. మొదటి ఎండాకాలం మొక్క మోడులా మారితే చచ్చిపోయిందని టెన్షన్ పడతారు. గోటితో కాండం మీద సన్నగా గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది, ఒక మంచి వాన పడగానే చిగురు వేస్తుంది.

ధర సంగతికి వస్తే, ఎర్రచందనం నాటి కోట్లు సంపాదిద్దామనే ప్రకటనలు నమ్మి పొలమంతా వేయడం నాకు నచ్చదు. విలువంతా లోపలి ఎర్రటి చేవలో ఉంది, ఆ చేవ బాగా పట్టడానికి పాతిక, ముప్పై ఏళ్లు ఓపిక పట్టాలి. సొంత పట్టా భూమిలో పెంచుకోవడానికి అడ్డు లేదు, కానీ కొట్టాలన్నా తరలించాలన్నా అటవీశాఖ అనుమతి తప్పనిసరి. 1995 నుంచి ఇది సైటీస్ రెండో జాబితాలో ఉంది కాబట్టి ఎగుమతికి వేరే లెక్కలు ఉంటాయి. నాటిన ఏడాదే అడంగల్‌లో చెట్ల వివరం ఎక్కించుకుంటే తర్వాత మీ పిల్లలకు తలనొప్పి ఉండదు. చెట్టు లావెక్కేకొద్దీ దొంగల భయమూ పెరుగుతుంది, ఊరికి దూరంగా కాపలా లేని చేను అయితే ఇది బాగా ఆలోచించుకోవాల్సిన విషయం. ఇవన్నీ తెలిసి కూడా, ఈ కొండల చెట్టు మా నేలలో ఉండాలి అనుకునేవాళ్లు తప్పకుండా వేయాలి. అంతరించే ప్రమాదంలో ఉన్న చెట్టు అడవి బయట కూడా నాలుగు చోట్ల బతకడం నాకు డబ్బు కంటే పెద్ద కారణం.

వేప దీనికి పూర్తిగా ఎదురు. మొలిపించడం చాలా తేలిక, కానీ గింజ ఆగదు. జూన్, జూలైలో పండ్లు పసుపు రంగుకు తిరిగి రాలతాయి కదా, అప్పటి నుంచి రెండు మూడు వారాల్లో వేసేయాలి. చాలామంది ఏరి డబ్బాలో దాచి, అక్టోబరు వానలకు వేసి, ఒక్కటీ మొలవలేదంటారు. మొలవదు మరి. గింజ బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒకదాన్ని పగలగొట్టి చూడండి, లోపలి పప్పు పచ్చగా ఉంటే ప్రాణం ఉంది, పసుపు గోధుమ రంగుకు తిరిగితే వదిలేయండి. పండు గుజ్జు నీళ్లలో పిసికి కడిగి, నీడలో ఒక రోజు ఆరనిచ్చి వెంటనే వేస్తే వారం పది రోజుల్లో మొలకలు వస్తాయి. కాకులు, గోరింకలు తిని వదిలిన గింజలు గోడ పక్కన వాటంతటవే మొలిచి ఉంటాయి, వాటిని నాలుగాకుల దశలో వేరు తెగకుండా తవ్వి కవర్లోకి మార్చుకున్నా సరిపోతుంది. రాతి నేల, సున్నపు నేల, ఇటుక ముక్కలు పోసిన ఖాళీ స్థలం, దేనికీ పేచీ పెట్టదు. నీళ్లు నిలిచే చోటు ఒక్కటే దీనికీ పడదు. కొన్నేళ్లుగా వానల తర్వాత కొమ్మల చివర్లు మాడిపోయే తెగులు కనిపిస్తోంది, చెట్టంతా పోయిందనుకుని నరికేస్తున్నారు. ఆగండి, చాలావరకు ఎండలు ముదిరేలోపు మళ్లీ చిగురిస్తాయి.

కానుగ గురించి ఎవరూ అడగరు. నన్ను ఒక్క చెట్టే చెప్పమంటే మాత్రం ఎక్కువమందికి కానుగే చెప్తాను. మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో కాయలు ఎండుతాయి, చెట్టు కిందే కావలసినన్ని దొరుకుతాయి, కాయ పగలగొడితే ఎర్రటి చదునైన గింజ. నానబెట్టడం కూడా పెద్దగా అవసరం లేదు, రాత్రంతా నీళ్లలో ఉంచితే చాలు, రెండు మూడు వారాల్లో దాదాపు అన్నీ మొలుస్తాయి. పొడిగా దాచుకుంటే కొన్ని నెలలు ఆగుతుంది కాబట్టి వాన కోసం చూడొచ్చు. మేకలు, ఆవులు ఈ ఆకు జోలికి అంతగా పోవు, కంచె వేసే స్థోమత లేనివాళ్లకు ఇంతకంటే మంచి చెట్టు లేదు. ఆకు రాల్చినా కొద్ది రోజులే, మిగతా చెట్లు మోడులైనప్పుడు ఇది లేత పచ్చగా నిండి నిలబడుతుంది, ఏప్రిల్, మే నెలల్లో నీడ కావలసినవాళ్లకు ఆ ఒక్కటీ చాలు. పొలం గట్టు మీద ఉంటే కొమ్మలు కొట్టి కయ్యలో తొక్కేవాళ్లు మన పెద్దవాళ్లు, పచ్చిరొట్ట ఎరువుగా. నీళ్లు నిలిచే చోటునీ, నీటి ఎద్దడినీ రెండింటినీ ఓర్చుకునేది ఈ నాలుగింటిలో ఇదొక్కటే. అందుకే చెరువు కింద ఉన్నవాళ్లకీ, మిట్ట మీద ఉన్నవాళ్లకీ ఇదే మాట చెప్తాను.

చింత నిదానం. గింజ గట్టిది, నెలల తరబడి ఆగుతుంది, వేసే ముందు ఒక పక్క గరుకు రాయి మీద కొంచెం రుద్ది రాత్రంతా నానబెడితే పది పదిహేను రోజుల్లో మొలుస్తుంది. గింజ నుంచి పెంచితే కాపుకు ఎనిమిది, పదేళ్లు పట్టొచ్చు, పైగా పులుపు, కండ తల్లిచెట్టులాగే వస్తాయన్న నమ్మకం లేదు. పండు అమ్ముకోవడమే ఉద్దేశమైతే అంటుమొక్క కొనుక్కోండి, గింజతో పని లేదు. మనవళ్లకు నీడ, పంచాయతీ రోడ్డుకు నీడ, బడి ఆవరణలో నీడ అనుకుంటే గింజ నుంచి పెరిగిన చింతే మేలు, తల్లివేరు లోతుకు దిగి గాలివానకు పడిపోకుండా నిలుస్తుంది. ఇంటి గోడకు దగ్గరగా మాత్రం వద్దు, చెట్టు విస్తరించేది చాలా ఎక్కువ, కింద ఇంకేమీ సరిగ్గా పెరగదు.

శ్రీగంధం ఎందుకు చెప్పలేదని అడుగుతారు, అందుకే రెండు ముక్కలు. అది ఒంటరిగా పెరగదు, పక్క మొక్క వేర్ల నుంచి సగం ఆహారం లాక్కుంటుంది. కవర్లో ఉన్నప్పుడే పక్కన కంది లాంటిది వేయాలి, నేలలో నాటాక కానుగో సరుగుడో తోడుండాలి. పలమనేరు, కుప్పం వైపు కొంచెం ఎత్తు, కొంచెం చల్లదనం ఉన్న చోట బాగా వస్తుంది. మొదటిసారి చెట్టు పెంచుతున్నవాళ్లకు ఇది వద్దనే అంటాను. నేరేడు మంచి చెట్టే కానీ దాని గింజ రెండు వారాలు కూడా సరిగ్గా ఆగదు, నీళ్ల మీద ఆశ కూడా ఎక్కువ, వాగు పక్కన చోటుంటే వేసుకోండి.

ఇప్పుడు మీ చోటును బట్టి చెప్తాను. తిరుపతిలో రెండు మూడు సెంట్ల ఇల్లు, ముందు కొంచెం ఖాళీ ఉంటే కానుగ, ఏటా కొమ్మలు కత్తిరించుకుంటూ. వీధి వెడల్పుగా ఉండి కరెంటు తీగలు లేకపోతే వేప. పాకాల, దామలచెరువు వైపు మామిడి తోటలున్నవాళ్లు తోట లోపల ఏమీ పెట్టకండి, పడమటి, దక్షిణపు గట్ల మీద కానుగ, వేప కలిపి వేస్తే వేసవి వడగాలి దెబ్బ తగ్గుతుంది. రంగంపేట వైపు కొండ కింద రాళ్ల చెలక ఉండి, దగ్గర్లోనే మీరు ఉంటుంటే ఎర్రచందనం. అదే చెలక ఉండి మీరు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటూ నెలకోసారి వచ్చేవాళ్లయితే ఎర్రచందనం వద్దు, కానుగ గింజలు, చింత గింజలు నేరుగా గుంతల్లోనే విత్తేయండి.

నేరుగా విత్తడం మీద నాకు చాలా నమ్మకం. కవర్లో ఏడాది దాటిన మొక్క తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది, నేలలో పెట్టాక కూడా ఆ చుట్ట విప్పుకోదు, పైకి బాగానే కనిపించి మూడో నాలుగో ఏడు ఎండకు వాడిపోతుంది. గింజ పడిన చోటే మొలిచిన మొక్క పైకి జానెడు లేచేలోపు కిందికి మూరెడు దిగి ఉంటుంది. గుంతకు మూడు నాలుగు గింజలు వేసి, బలంగా లేచినదాన్ని ఉంచి మిగతావి కత్తిరించేయండి, పీకితే పక్కదాని వేరు కదులుతుంది. కవర్ మొక్కే కావాలనుకుంటే పొడవాటి కవర్లు వాడండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు సరిపోతాయి, పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి.

నాటే సమయంలో తూర్పు మండలాలకూ పడమటి మండలాలకూ తేడా ఉంది. శ్రీకాళహస్తి, సత్యవేడు, తిరుపతి చుట్టూ అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే, జూన్ జల్లులు చూసి నాటేస్తే ఆగస్టు ఎండకు మొక్క దెబ్బతింటుంది. సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదట్లో నాటితే మూడు నెలల వాన, ఆపైన చల్లటి జనవరి కలిసొస్తాయి. పలమనేరు, కుప్పం, వి.కోట వైపు జూలైలోనే నాటుకోవచ్చు. వేప గింజ ఒక్కటే ఈ లెక్కకు లొంగదు కాబట్టి దాన్ని జూలైలో కవర్లో మొలిపించి, అక్టోబరులో చిన్న మొక్కగానే నేలకు మార్చండి.

గుంతలో గుప్పెడు వేపపిండి కలపండి, మన ఎర్రనేలల్లో చెదలు మొదటి శత్రువు. పాదులో శనక్కాయ పొట్టు పరిస్తే తడి ఆగుతుంది, కాండానికి మాత్రం జానెడు ఎడంగా పరచండి. మొదటి ఎండాకాలం రోజూ చెంబెడు పోయడం కంటే వారానికోసారి రెండు బిందెలు నిదానంగా ఇంకేలా పోయడం మంచిది. రోజూ పైపైన తడిస్తే వేరు పైనే ఉండిపోతుంది, లోతున తడి ఉంటే వేరు అటు దిగుతుంది. రెండో ఎండాకాలం పదిహేను రోజులకోసారి చాలు. మూడో ఏడు నుంచి కానుగ, వేపలకు నీళ్లు మానేయొచ్చు, ఎర్రచందనానికి కూడా మంచి వానలు పడిన ఏడైతే అక్కర్లేదు, చింతకు మాత్రం ఇంకో ఏడాది చూడండి.

విత్తనం ఎక్కడ తేవాలంటే, వేప, కానుగ, చింతలకు మీ ఊళ్లోనే, ఒకే చెట్టు కింద కాకుండా నాలుగైదు ముదురు చెట్ల కింద ఏరండి. ఎర్రచందనం గింజ కోసం అడవిలోకి పోవడం నేరం, పోకండి. అటవీశాఖ నర్సరీల్లో అడగండి, తిరుపతిలో బయోట్రిమ్ అని పిలిచే అటవీ పరిశోధన కేంద్రం కూడా ఉంది, అక్కడా వాకబు చేయొచ్చు. లేదంటే పట్టా భూమిలో చెట్లున్న రైతును మార్చిలోపు అడిగి ఆ ఏడాది కాయలే తీసుకోండి, నిల్వ కాయ వద్దు.